పేస్టుతో కారు తోమే శాస్త్రం

తెలుగింట్లో టూత్‌పేస్టుకి తీరిక ఉండదు. పొద్దున్నే పళ్ళ పని అయిపోగానే చెయ్యి కాలితే మందు, మొటిమకి లేపనం, వెండి పట్టీలకి మెరుపు, కాన్వాసు బూట్లకి తెలుపు. ఇన్ని కొలువులు చేస్తున్న దాని నెత్తిన ఈమధ్య డెంటింగ్, పెయింటింగ్ షాపు బాధ్యత కూడా పెట్టారు. కారు మీద గీత పడిందా? బఠానీ గింజంత పేస్టు, పాత బనీను ముక్క, గుండ్రంగా ఓ రెండు నిమిషాల రుద్దుడు, పైన తడిగుడ్డ. గీత మాయం! వీడియోలో నిజంగానే మాయమవుతుంది, అది అబద్ధమని నేను అనను. మాయమైంది ఏమిటన్నదే తేలాలి.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో పిల్లర్లకి పసుపు, నలుపు పట్టీలు వేస్తారు, చూసుకుని తిప్పుకుంటారని. చూసుకోకుండా రివర్సు తీస్తే బంపర్ మూల ఒరుసుకుని తెల్లకారు మీద పసుపు చార తేలుతుంది. ఓనరుకి గుండె గుభేలుమంటుంది. కానీ చార మీద అడ్డంగా గోరు పోనిస్తే చాలాసార్లు ఎక్కడా లోతుకి దిగదు, పైగా కాస్త ఎత్తుగా తగులుతుంది. అది కారుకి పోయిన రంగు కాదు, పిల్లర్‌కి పోయిన రంగు. తారు మరకలు తీసే ద్రావకం మెత్తటి గుడ్డకి అద్ది తుడిచినా చాలావరకు వచ్చేస్తుంది. పేస్టుతో రుద్దినా వస్తుంది, ఎందుకంటే పేస్టులో సున్నపురాయి పొడో, సిలికా పొడో ఉంటుంది, ఏ గరుకు పొడి అయినా ఆ పని చేస్తుంది. ‘మాకు పనిచేసింది’ అని ప్రమాణం చేసేవాళ్ళలో ఎక్కువమంది చూసిన అద్భుతం ఇదే. పక్కవాడి రంగు వదిలితే తమ గాయం మానిందనుకున్నారు.

రెండో మహిమ తడిది. గీత తెల్లగా కనబడేది అక్కడ తెల్లరంగు చేరి కాదు, తెగిన అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోయి. ఆ సందులో నీళ్ళో నూనో నిండితే చెదరడం తగ్గి గీత కంటికి ఆనదు. కొబ్బరినూనె చిట్కా, డబ్ల్యూడీ-40 చిట్కా బతికేది ఈ సూత్రం మీదే. (డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్ డియెగోలో తయారుచేశారు, తేమను తరిమి క్షిపణులకు తుప్పు పట్టకుండా చూడటానికి. గీతలు చెరపమని దాన్ని ఎవరూ అడగలేదు.) అందుకే వీడియోలో కెమెరా తడి ఆరకముందే ఆగిపోతుంది. వారం తర్వాత ఎండలో, పొడిగా ఉన్న అదే డోరుని చూపించే మహానుభావుడు కనిపిస్తే దండం పెట్టాలి.

ఇక నిజంగా గీత పడ్డ సంగతి. కారు మీద ప్రైమర్‌తో కలిపి మొత్తం పెయింటు మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒక జిరాక్సు కాగితం, మహా అయితే ఒకటిన్నర. అందులో పైన మెరిసే క్లియర్ కోట్ 35 నుంచి 50. గీత పడిందంటే అక్కడ కొంత సరుకు ఊడిపోయిందని. ఊడిపోయింది రుద్దితే తిరిగి రాదు. రుద్ది గీతను పోగొట్టాలంటే దారి ఒక్కటే, చుట్టూ బాగున్న పెయింటుని గీత లోతుదాకా అరగదీయడం. రోడ్డు మీద గుంత పూడ్చమంటే మిగతా రోడ్డంతా గుంత లోతుకి తవ్వి బిల్లు పెట్టే కాంట్రాక్టరు పద్ధతి ఇది. క్లియర్ కోట్‌లో ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలుంటాయి. రామగుండం ఎండలో నిలబడే కారుకి ఆ పొరే గొడుగు, దాన్నే మనం పుదీనా వాసనతో పలచన చేసుకుంటున్నాం.

పళ్ళకే హాని చెయ్యనిది కారుకేం చేస్తుందంటారు. పంటి ఎనామెల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. క్లియర్ కోట్ ఒక ప్లాస్టిక్ పొర. ఎనామెల్ తట్టుకునే గరుకుని దీన్నీ తట్టుకోమనడం అన్యాయం, నల్లకారు ఉన్నవాళ్ళు రుద్దిన చోటుని ఎండలో చూస్తే ఆ అన్యాయం సన్నటి వలయాలుగా కనబడుతుంది. షాపులో రబ్బింగ్ కాంపౌండ్ కూడా అరగదీసేదేగా అన్నది ఇంకో వాదన. నిజమే, కానీ దాని రేణువుల్ని పెయింటుని దృష్టిలో పెట్టుకుని ఎంచారు, ఎంత గరుకో డబ్బా మీదే రాస్తారు. దాని ఖరీదు కొన్ని వందలు. లక్షలు పోసి కొన్న బండి దగ్గర ఆ కొన్ని వందలకి వెనకాడి పేస్టు పిండటాన్ని పొదుపు అంటున్నాం.

ఖర్చు సంగతి మాత్రం కొట్టిపారేయలేను. షాపువాడు గీత చూపిస్తే ప్యానెల్ మొత్తం పెయింటింగ్ అంటాడు. ఇన్సూరెన్సు క్లెయిము పెడితే ఏళ్ళ తరబడి 20 నుంచి 50 శాతం దాకా పెంచుకున్న నో క్లెయిమ్ బోనస్ గల్లంతవుతుంది. అందుకని ఇంట్లోనే ఏదో చేసుకుందామనుకోవడం తప్పేం కాదు. బంపర్ ప్లాస్టిక్‌ది, తుప్పు పట్టదు, గీత అలా పడి ఉన్నా ఏ నష్టమూ లేదు. డోరు మీద గోరు దిగేంత లోతై, అడుగున ఇనుము తళుక్కుమంటుంటే మాత్రం, విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్ళో మరీనూ, శుభ్రంచేసి కలర్ కోడ్ చూసి టచప్ రంగు అద్దాల్సిందే. అక్కడ కూడా పేస్టే రుద్దుతానంటే సరే, కానీ ‘మీ టూత్‌పేస్టులో ఉప్పుందా’ అని టీవీలో అడిగేవారు గుర్తుందిగా, ఇనుము మీద పెట్టేముందు ఆ ప్రశ్నకి జవాబు చూసుకోండి.