ఫార్మాట్ అనేది ఆఖరి మాట

మా వీధి చివరింటి టీచరమ్మ పోయిన నెల ఒకనాడు పొద్దు పొడవకముందే వచ్చి గేటు చప్పుడు చేసింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్ర లేదని చూస్తేనే తెలుస్తోంది.

"సార్, నా ఫైలు ఎవరో లాక్ చేసిన్రంట. ఓపెన్ అయితలేదు. షాపాయనకు ఫోన్ చేస్తే ఫార్మాట్ కొట్టాలె అన్నడు. నెట్ల దొరికిన నంబరుకు చేస్తే ఏందో యాప్ ఎక్కించుకొమ్మన్నరు. భయమై కట్ చేసిన."

ఫార్మాట్ కొట్టాలె! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పంటి నొప్పితో వచ్చినవాడికి దవడ తీసేస్తామన్నట్టుంటుంది. వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో ఎక్కడికి పోయినా ఇప్పుడు ఇదే మందు. వర్డ్ తెరుచుకోకపోతే ఫార్మాట్, ప్రింటర్ మొరాయిస్తే ఫార్మాట్, కంప్యూటర్ నిదానమైతే ఫార్మాట్. ఆ డిస్కులో ఆ మనిషి పదేళ్ళ పని ఉందేమోనని అడిగేవాళ్ళే లేరు.

మా రోజుల్లో ఫార్మాట్ అనేది ఆఖరి మాట. అన్ని దారులూ మూసుకుపోయాక, యజమానిని కూర్చోబెట్టి, ఏం పోతుందో ఏం మిగులుతుందో చెప్పి, ఆయన సరేనన్నాకే ఆ మాట నోట్లోంచి వచ్చేది.

తొంభైల మొదట్లో వనపర్తిలో టైపు నేర్పే గదిలో ఒక మూలకు నేను మొదటి కంప్యూటర్ పెట్టాను. ఒకవైపు టైపు మిషన్ల టకటకలు, ఇంకోవైపు వర్డ్‌స్టార్. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని పేరా పూర్తయిందంటే కంట్రోల్ కె, ఎస్ నొక్కాల్సిందే. చేతివేళ్ళకు అది ఊపిరి తీసుకున్నంత అలవాటు. వర్డ్‌స్టార్‌లో ఒక మంచి గుణం ఉండేది. మనం సేవ్ చేసినప్పుడల్లా పాత ప్రతిని 'బ్యాక్' అనే తోకతో పక్కన దాచిపెట్టేది. కొత్తది చెడితే పాతది తీసుకునేవాళ్ళం.

పిల్లలకు నేను పెట్టిన మొదటి నియమం ఒక్కటే. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదన్నా వచ్చిందంటే చేతులు వెనక్కి తియ్యాలి. గట్టిగా చదవాలి. అక్కడున్న నోటుబుక్కులో తేదీ వేసి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆ తర్వాతే కీ ముట్టుకోవాలి. 'నాట్ రెడీ రీడింగ్ డ్రైవ్ ఎ' అని వస్తే ఫ్లాపీ సరిగ్గా కూర్చోలేదని అర్థం. కంప్యూటర్ చెడిపోయిందని కాదు. తీసి మళ్ళీ పెడితే సరిపోయేది. ఆ మాట చదవనివాడు భయపడి స్విచ్ ఆపేసేవాడు. చదివినవాడు నవ్వుకుంటూ ఫ్లాపీ సర్దేవాడు. ఇంతే తేడా.

యంత్రం బీప్ బీప్ అంటూ స్క్రీన్ నల్లగా ఉండిపోతే మూత విప్పేవాళ్ళం. మా ప్రాంతంలో ఎండాకాలం గాలికి దుమ్ము ఏ సందు దొరికినా దూరుతుంది. రామ్ ముక్కను మెల్లగా పైకి లాగి, దాని అంచున ఉండే బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో అటూ ఇటూ రుద్ది, పొట్టు ఊదేసి, మళ్ళీ 'టక్' మనేదాకా నొక్కితే సగం యంత్రాలు లేచి కూర్చునేవి. ఇది ఎవరో ఇంజనీరు వచ్చి చేసేది కాదు. ఇంటర్ చదివే పిల్లలు చేసేవాళ్ళు. మా ఊళ్ళో రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అందులో చదివే పిల్లలు సాయంత్రాలు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. విప్పడానికి జంకని చేతులవి.

ఇప్పుడు మూడు నెలల ఆఫీస్ కోర్సు చేసి సర్టిఫికెట్ చేత పట్టుకున్న పిల్లవాణ్ణి అడగండి. అక్షరాలు లావు చేయడం వచ్చు, టేబుల్ గీయడం వచ్చు, స్లైడ్లు ఎగిరించడం వచ్చు. వర్డ్ తెరుచుకోకపోతే ఏం చేస్తావురా అంటే నోరు మెదపడు. అది సిలబస్‌లో లేదట. బండి నడపడం నేర్పి బ్రేకు ఎక్కడుందో చెప్పకపోతే ఎట్లా? పిల్లల తప్పు కాదిది, నేర్పేవాళ్ళది.

తెలుగు విషయంలో మేం పడ్డ పాట్లు ఇప్పటివాళ్ళకు చెప్తే నమ్మరు. పెళ్ళి కార్డు నుంచి కరపత్రం దాకా అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసేవాళ్ళం. ఆ ఫాంట్లలో ఉండేవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలకు తొడిగిన తెలుగు బొమ్మలు. ఫాంటు ఉన్న యంత్రంలో అది కవిత్వం. లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే తలా తోకా లేని ఇంగ్లీషు ముక్కలు, వాటి నెత్తిన చుక్కలు, కొమ్ములు. ఒకసారి పెబ్బేరు మీదుగా, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి గద్వాలకు ఫ్లాపీ మోసుకుపోయాను. తీరా అక్కడ తెరిస్తే ఆ గీతలే. తిరిగొచ్చి, రెండో ఫ్లాపీలో ఫాంటు వేసుకుని మళ్ళీ పోయాను. ఆ రోజు నుంచి ఫైలు ఉన్నచోట ఫాంటు ఉండాల్సిందేనని గోడ మీద రాయించాను.

విండోస్ ఎక్స్‌పీ వచ్చాక గౌతమి ఫాంటుతో అసలైన యూనికోడ్ తెలుగు వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ దానికీ ఒక తాళం ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ సెట్టింగుల్లోకి పోయి, 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అన్న గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తేనే గుణింతాలూ ఒత్తులూ చోట్లో కూర్చునేవి. ఆ ఒక్క టిక్కు తెలియక 'మా కంప్యూటర్‌కు తెలుగు రాదు' అని ఎన్ని ఆఫీసుల్లో చేతులెత్తేశారో నా కళ్ళారా చూశాను.

సురవరం ప్రతాపరెడ్డి గారు మా నడిగడ్డ బిడ్డ, 1952లో మా వనపర్తి నుంచే శాసనసభకు పోయినవారు. తెలంగాణలో కవులే లేరన్నవాళ్ళకు జవాబుగా 354 మంది కవులను ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించారు. అది ఈనాటికీ చేతిలోకి తీసుకుని చదువుకోవచ్చు. 2003లో మా ఊరి కవుల కోసం నేను చేసిపెట్టిన చిన్న సంచిక ఫైలు ఇప్పుడు తెరిస్తే ఒక్క పేరు చదవరాదు. నాకు కడుపు తరుక్కుపోతుంది. అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వచ్చాయి, మార్చాను. అయినా ఒత్తులు కొన్ని తప్పిపోయాయి, పదాలు కొన్ని అతుక్కుపోయాయి. నలభై పేజీలు పక్కన అచ్చు ప్రతి పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దాను. మీ ఇంట్లో అట్లాంటి పాత ఫైళ్ళుంటే యంత్రం మార్చేముందే దిద్దుకోండి. ఫాంటు దొరికే రోజుల్లోనే ఆ పని అయిపోవాలి.

2016 అక్టోబర్ 11, దసరా నాడు మహబూబ్‌నగర్ నుంచి మా మూడు జిల్లాలు విడిపోయాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల. ఊరంతా సంబరం. తెల్లవారి నుంచి లెటర్‌హెడ్లు, రసీదులు, స్కూలు రిజిస్టర్లు, సంఘాల తీర్మానాలు అన్నింట్లో జిల్లా పేరు మార్చాలి. ఒక కుర్రాడు కంట్రోల్ హెచ్ నొక్కి, ఒక్క దెబ్బకు అన్నీ మార్చేశానన్నాడు. ప్రింటు తీస్తే సగం చోట్ల పాత పేరే. ఎందుకంటే ఒకచోట 'మహబూబ్ నగర్' అని విడదీసి కొట్టారు, ఇంకోచోట కలిపారు, మరోచోట బ కింద న ఒత్తు వచ్చేసింది. కంప్యూటర్ మనం ఇచ్చిన రూపాన్నే వెతుకుతుంది, మన మనసులో ఉన్నదాన్ని కాదు. నాగర్‌కర్నూల్‌కూ అదే బాధ. ర్ తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి పెట్టకపోతే క కిందికి దిగిపోతుంది. ఇన్ని రూపాలు ఉన్నాయని ముందు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ విడివిడిగా వెతికి మార్చితే పని అయింది. ఆ కుర్రాడు మాత్రం అప్పటికే సాఫ్ట్‌వేర్ పాడైందని తీర్పు ఇచ్చేశాడు!

ఎక్సెల్‌లో ఆధార్ నంబర్లు ఇంకో కథ. మహిళా సంఘం పద్దులు చూసే ఒక అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. నంబర్లన్నీ మారిపోయి మధ్యలో 'ఇ' అక్షరం వచ్చిందట. ఏం మారలేదు తల్లీ అన్నాను. మామూలు గడిలో 12 అంకెల నంబరు కొడితే ఎక్సెల్ దాన్ని కుదించి చూపిస్తుంది, లోపల అంకెలన్నీ భద్రంగానే ఉంటాయి. గడుల్ని నంబరుగా మార్చి దశాంశాలు సున్నా పెడితే బయటికొస్తాయి. భయపడాల్సింది వేరే ఉంది. ఎక్సెల్ గుర్తుపెట్టుకునేది 15 అంకెలే. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఆ పోయింది మళ్ళీ రాదు. ముందు సున్నాతో మొదలయ్యే నంబరుకు ఆ సున్నా ఎగిరిపోతుంది. అందుకే కొట్టకముందే ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చాలి. ఒక్క సున్నా తేడాతో ఒక పేదింటి డబ్బు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఇది మొదటి రోజు నేర్పాల్సిన పాఠం, ఎవరూ నేర్పడంలేదు.

2020లో కరోనా వచ్చి ఆఫీసును ఇంట్లో కూర్చోబెట్టింది. ఆఫీసులో అయితే పక్క సీటాయన ఉంటాడు. ఇంట్లో ఎవరున్నారు? ఏం జరిగినా మనిషి ఫోన్‌లో వెతుకుతాడు, కస్టమర్ కేర్ పేరుతో ఏదో నంబరు దొరుకుతుంది. అవతలివాడు తియ్యగా మాట్లాడి, మన స్క్రీన్ తన చేతికొచ్చే యాప్ ఎక్కించమంటాడు. ఎక్కించామా, బ్యాంకు ఖాతా తాళంచెవి వాడి చేతిలో పెట్టినట్టే. ఇప్పటికే అట్లా ఇరుక్కున్నవాళ్ళుంటే ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. ముక్కూ మొహం తెలియనివాడికి ఇంటి కంప్యూటర్ ఇచ్చేదాకా వచ్చామంటే, పక్కింట్లో అడిగే అలవాటు పోయినందుకే.

ఇంకో బెదిరింపు కూడా వింటున్నాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది, ఆఫీస్ 2016, 2019లకూ అదే రోజు. నిజమే. ఆగిందంటే కొత్త భద్రతా మరమ్మతులు రావని, ఆ యంత్రంతో ఇంటర్నెట్‌లో జాగ్రత్తగా ఉండాలని, వీలైతే కొత్తదానికి మారాలని. అంతేగానీ పొద్దున లేచేసరికి ఫైళ్ళు మాయమవుతాయని కాదు. ఆ మాట చెప్పి పనిచేసే యంత్రాలను తుక్కు కింద కొనుక్కునేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

ఆ పొద్దున టీచరమ్మ వెంట ఆమె ఇంటికి పోయాను. వర్డ్‌లో ఆ ఫైలు మీద నొక్కింది. ఒక గడి వచ్చింది. వెంటనే మౌసు పట్టుకుని మూసేయబోయింది. "ఆగమ్మా, చేయి తియ్యి, చదువు" అన్నాను. కూడబలుక్కుని చదివింది. ఈ ఫైలును వేరే యూజర్ ఎడిట్ చేస్తున్నందువల్ల లాక్ అయిందని ఉంది.

"నిన్న ఫైలు తెరిచి ఉండంగ కరెంటు పోయిందా?"

"రాత్రి పోయింది సార్. యూపీఎస్ కూడా ఆగింది."

వర్డ్ ఒక ఫైలు తెరవగానే పక్కనే చిన్న గుర్తు ఫైలు ఒకటి పుట్టిస్తుంది, ఇది వాడుకలో ఉందని చెప్పడానికి. మామూలుగా మూసేస్తే అదీ పోతుంది. కరెంటు పోతే అట్లాగే మిగిలిపోతుంది. మర్నాడు దాన్ని చూసి ఇంకెవరో వాడుతున్నారని వర్డ్ అనుకుంటుంది. ఆ 'ఇంకెవరో' టీచరమ్మే. ఫోల్డర్ తెరిచి దాచిన ఫైళ్ళు చూపించే గడిలో టిక్కు పెట్టాను. ఆమె ఫైలు పక్కనే, పేరు ముందు అలల గుర్తూ డాలర్ గుర్తూ పెట్టుకుని, ఒక్క కేబీ సైజులో వెలిసిపోయినట్టు ఉంది. టాస్క్ మేనేజర్‌లో వెనకాల వర్డ్ ఏదీ నడవడంలేదని చూసుకుని, ఆ చిన్న ఫైలు ఒక్కటి తీసేయమన్నాను. వేలు వణికింది. తీసేసింది. అసలు ఫైలు మీద రెండుసార్లు నొక్కింది.

తెరుచుకుంది. అరవై రెండు పేజీలు, ఏడాది మొత్తం పిల్లల వివరాలు. చివరి పేరా ఒక్కటే పోయింది. గుర్తుంది, మళ్ళీ కొడతా సార్ అంది.

వర్డ్ ఆప్షన్లలో, అడ్వాన్స్‌డ్ కింద, ఎప్పుడూ బ్యాకప్ కాపీ ఉంచమనే గడి ఒకటి ఉంది. వర్డ్‌స్టార్ మాకు అడక్కుండానే ఇచ్చిన గుణం ఇప్పుడు అడిగితేనే వస్తుంది. అక్కడ టిక్కు పెట్టించాను. పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి తీయించాను. ఇంకోసారి వర్డే తెరుచుకోకపోతే కంట్రోల్ నొక్కిపట్టి తెరవమని, సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటే తప్పు ఏదో యాడ్-ఇన్‌ది అయి ఉంటుందని, దానికీ లొంగకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో రిపేర్ ఉందని చెప్పాను. ఇవన్నీ దాటాకే షాపు మాట.

సాయంత్రం నా పాత నోటుబుక్కు తీసుకుపోయి ఆమెకిచ్చాను. అట్ట చిరిగింది గానీ లోపల సగం పేజీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఆమె ఒక కొత్త పేజీ తిప్పి, పైన తేదీ వేసి, పొద్దున చదివిన ఆ మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టు రాసుకుంది.