వంకర గుర్రానికి తిన్నని చిట్కాలు

కలకత్తా న్యూ టౌన్‌లో ఫ్లాటు, సెక్టార్ ఫైవ్‌లో ఉద్యోగం. ఇంకేం కావాలని రేసుల్లోంచి రిటైరైన గుర్రాన్ని కొన్నారు. శభాష్! ఒక భుజం బలిసి, రెండోది పీక్కుపోయి ఉందా? ముందు గిట్టల్లో ఒకటి బల్లపరుపుగా, ఒకటి నిటారుగా ఉందా? దాన్ని సరిచెయ్యడం నెలల పని. తప్పించుకోవడం ఒక్క పూట పని.

1. ఎదురుగా నిలబడి చూడకండి. చదును నేల మీద నిలబెట్టి ముందు నుంచీ వెనక నుంచీ చూస్తే తేడాలన్నీ బయటపడతాయి. మంచి వైపు నుంచే చూడండి, ఫొటోలూ అటే తియ్యండి. వెనకాల బిశ్వ బంగ్లా గేటు పడితే భుజాల సంగతి ఎవడికీ పట్టదు. అయినా ఎవరైనా అడిగితే రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ 1847లో పుట్టిందని మొదలుపెట్టండి. చరిత్ర విన్నవాడు కాళ్ళ వైపు చూడడు.

2. మొదటి వారాలు ఉత్త నడకే నడిపించమంటారు. కండకి వారాలు చాలినా స్నాయువులకీ ఎముకకీ నెలలు పడుతుందట. మీకంత ఓపికెక్కడిది? ఆరు రోజులు కట్టేసి ఉంచండి. ఏడో రోజు సర్వీసు రోడ్డు తారు మీద వారం బాకీ అంతా ఒక్క దౌడులో తీర్చేయండి.

3. సులువుగా వంగే వైపే తిప్పండి. బిగిసిన వైపు కూడా కొద్దికొద్దిగా తిప్పితే రెండు పక్కలా సమంగా బలపడుతుంది. అప్పుడు మీకు చెప్పుకోడానికి సాకేం మిగులుతుంది? ట్రాట్‌లో లేచి కూర్చునే వరస మార్చమన్నా మార్చకండి.

4. వాలు ఎక్కిస్తే వెనక తొడలకి బలం. న్యూ టౌన్‌లో కొండల్లేవు, ఇది ప్రకృతి ఇచ్చిన సెలవు చీటీ. నేల మీద కర్రలు పరిచి మెల్లగా దాటించినా చాలు అంటారు కొందరు చాదస్తులు. కర్రలు దొరకలేదని చెప్పండి. కడుతున్న అపార్టుమెంట్ల వెదురు పరంజాల మధ్య నిలబడి మాత్రం చెప్పకండి.

5. కండ కరిగిన వైపుకి జీను జారుతుంది. కొత్తది కుట్టించకండి, పాతదాన్ని సరిచేయించకండి. కింద ఇంకో రెండు దుప్పట్లు వేసి గట్టిగా బిగించి, మీరు రెండో పక్కకి ఒరిగి కూర్చోండి. కొన్నాళ్ళకి మీ నడుమూ వంకరపోతుంది. గుర్రమూ రౌతూ ఒకటైపోవడమంటే అదే.

6. ఇక గిట్టలు. అసలు విద్య ఇక్కడే ఉంది. గిట్ట నెలకి సెంటీమీటరైనా పెరగదు. ముందు భాగం పై నుంచి నేల దాకా కొత్తది రావాలంటే ఏడాది వరకూ పట్టొచ్చు. అందుకే లాడాలు కొట్టేవాణ్ణి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పిలిచి కొంచెం కొంచెంగా చెక్కించమంటారు. మీరు ఏడాదికోసారి పిలవండి. పిలిచిన రోజే రెండు గిట్టలూ జత కుదరాలని పట్టుబట్టండి. నిటారు గిట్ట మడమ ఒక్క వేటుకి కోయించండి. కాలి వెనక స్నాయువు లాక్కుపోయిందా, పనివాడి హస్తవాసి బాగాలేదనండి. వానాకాలం నాలుగు నెలలూ బురదలోనే కట్టేయండి. గిట్ట అడుగున మెత్తని ముక్కోణం నల్లబడి కంపుకొడితే పక్క కాలవ మీదికి తోసేయండి.

7. నొప్పి ఉన్న ముందు కాలు నేలకానగానే గుర్రం తల పైకెత్తుతుంది. సలాం నేర్పించానని చెప్పండి, పిల్లలు చప్పట్లు కొడతారు. బెల్గాచియాలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉందని గుర్తుచేసేవాళ్ళని ఇంటికి రానివ్వకండి. అక్కడ గిట్టలూ వెన్నూ పళ్ళూ చూసి నిజం చెప్పేస్తారు. నొప్పి మాత్ర వేసి ఎక్కేయండి.

8. గుర్రం గుడ్డిదైనా దానా తప్పదన్నారు పెద్దలు. పని లేని రోజు రెండింతలు పెట్టండి. కండ లేనిచోట కొవ్వు పడుతుంది, దూరం నుంచి అదీ గుండ్రంగానే ఉంటుంది. దానా ఎక్కువైతే గిట్టల లోపల వాపొచ్చి గుర్రం నిలబడలేదంటారు. మంచిదే, స్వారీ బాధ తప్పింది.

9. పుస్తకాల జోలికి పోకండి. మనుమంచి భట్టు ఎప్పుడో తెలుగులోనే హయలక్షణ విలాసం రాసిపెట్టాడు. చదివితే కొనకముందే గుర్రాన్ని చూసే కన్ను వస్తుంది. కొన్నాక ఆ కన్నెందుకు?

10. చివరికి అమ్మేయండి. బేరానికి చీకటి పడ్డాక పిలవండి. మెత్తటి గడ్డి మీద, మంచి వైపు కనిపించేలా నిలబెట్టండి. నడిపించమంటే ఇప్పుడే దానా తిన్నదనండి. అడ్వాన్సు చేతిలో పడేదాకా ఈ పేజీ మాత్రం కొనేవాడి కంట పడనివ్వకండి.