ఒంటినిండా చిల్లులు: ఒక నోటీసు బోర్డు ఆత్మకథ

హనుమకొండ అదాలత్ సెంటర్‌లో దిగి, కోర్టు ఆవరణలోకి వచ్చి, వకీళ్లు కూర్చునే గది ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. ఆ గదిలో తలుపు పక్కన గోడకు వేలాడుతున్నది నేనే. టేకు చట్రం, వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ, ముందు జరిపే అద్దాలు రెండు. ఒక అద్దం ఏనాడో పగిలింది. ఇంకోదాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అందుకే నా మీద ఎవరైనా ఏదైనా గుచ్చొచ్చు. గుండుసూదులు అయిపోతే అటెండరు మైదాపిండి ఉడకబెట్టి అంటిస్తాడు. ఆ జిగురు కోసం రాత్రిపూట వచ్చే బొద్దింకలు ఇది సంతాపం, ఇది తీర్మానం అని తేడా చూడవు.

కాజ్ లిస్టు, బార్ ఎన్నికల నామినేషన్లు, ‘నేడు విధుల బహిష్కరణ’, పోయిన కళ్లజోడు ప్రకటన... నా మీద పడని కాగితం లేదు. వాటన్నిటిలో నాకు బాగా గుర్తున్నవి మాత్రం హైకోర్టు జడ్జీల కాగితాలే. ఎలక్షన్లు దగ్గరపడితే వాళ్ల ఫైళ్లలో కొన్నిటికి కాళ్లొస్తాయి, కొన్నిటికి విరుగుతాయి.

ఈ గదిలో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఒకటుంది: “గాయన కన్ఫర్మ్ అయిండా?”

కక్షిదారులకు ఇది అంతుపట్టదు. జడ్జి అంటే జడ్జే కదా, మళ్లీ కన్ఫర్మ్ ఏమిటి అంటారు. హైకోర్టుకు కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది ముందు అదనపు జడ్జిగానే వస్తారు. 1956లో రాజ్యాంగానికి ఏడో సవరణ చేసినప్పుడు 224వ అధికరణంలో దీనికి చోటు పెట్టారు. ఉద్దేశం మంచిదే. పెండింగ్ కేసులు పేరుకుపోతే, రెండేళ్లకు మించకుండా, కొందరిని తాత్కాలికంగా వేసుకోవాలని. పెండింగూ తగ్గలేదు, తాత్కాలికమూ పోలేదు. పక్కవాకిలిగా పెట్టింది కాస్తా సింహద్వారం అయి కూర్చుంది. అలా లోపలికొచ్చినాయన గడువులోగా పర్మనెంట్ కావాలి, లేదా పొడిగింపు దొరకాలి. రెండూ లేకపోతే ఇంటికే. బంగారం లాంటి ప్రాక్టీసు వదులుకొని వచ్చిన మనిషికి, సర్కారుకు నచ్చని బెయిలు ఇచ్చే పొద్దున ఆ గడువు గుర్తుకు రాదంటే నేను నమ్మను.

ఎమర్జెన్సీలో ఆ గడువుకున్న పదును తెలిసింది. బొంబాయి హైకోర్టులో అదనపు జడ్జిగా ఉన్న యు.ఆర్. లలిత్‌ను కన్ఫర్మ్ చేయలేదు. ఢిల్లీలో ఆర్.ఎన్. అగర్వాల్‌ను మళ్లీ సెషన్స్ జడ్జిగా వెనక్కి పంపారు. పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ నిర్బంధం చెల్లదన్న ధర్మాసనంలో ఆయన ఒకరు. పర్మనెంట్ అయినవాళ్లకు బదిలీలు. 1976లో పదహారు మందిని అటూ ఇటూ మార్చారు. మన హైకోర్టు నుంచి ఒ. చిన్నప్పరెడ్డిని పంజాబ్-హర్యానాకు పంపారు. గుజరాత్ నుంచి సంకల్‌చంద్ సేఠ్‌ను హైదరాబాదుకు వేశారు. ఆయన ఊరుకోలేదు. వచ్చి ఇక్కడ కుర్చీలో కూర్చుంటూనే, తన బదిలీ మీద తానే కేసు వేశాడు. జడ్జిగారే పిటిషనరు! సెన్సారు రోజులు కాబట్టి పేపర్లో ఇలాంటి వార్త నాలుగు ముక్కల్లో ఉండేది. మిగతాది టీ తాగుతూ, తలుపు వైపు చూసుకుంటూ చెప్పుకునేవాళ్లు. బోర్డుకు చెవులుంటాయని ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక అసలైన ఎలక్షన్ నియామకం. 1977 జనవరి 18న ఇందిరాగాంధీ లోక్‌సభ ఎన్నికలు ప్రకటించింది. పది రోజులు తిరిగేసరికి, సీనియారిటీలో ముందున్న హెచ్.ఆర్. ఖన్నాను పక్కనపెట్టి, ఎం.హెచ్. బేగ్‌ను భారత ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు. ఖన్నా చేసిన నేరం, నిర్బంధంలో ఉన్నవాడికి కోర్టు గడప ఎక్కే హక్కు ఎమర్జెన్సీలోనూ ఉంటుందని 1976 ఏప్రిల్‌లో ఒంటరిగా రాయడం. ఆయన రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. మార్చిలో పోలింగు. ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది. మరి మనమో? ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. నంద్యాల ఒక్కటి నీలం సంజీవరెడ్డికి దక్కింది. నేను వేలాడుతున్న హనుమకొండ నుంచి పి.వి. నరసింహారావు గెలిచాడు. జడ్జీలను తొక్కేసిన సంగతి ఇక్కడ ఓటరు దాకా రాలేదనే అంటాను. ఈ గదిలో కొందరు ఒప్పుకోరు. తెలిసే వేశారంటారు.

ఆ తర్వాతి కథలో ప్రధాన పాత్ర మనవాడే కాబట్టి కొంచెం నిలబడి చెప్పాలి. పుంజాల శివశంకర్ హైదరాబాదులో పేరున్న వకీలు. 1974లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యాడు, మరుసటి ఏడే రాజీనామా చేశాడు. సికింద్రాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లి, 1980లో ఇందిర తిరిగి గెలిచాక కేంద్ర న్యాయశాఖ మంత్రి అయ్యాడు. 1981 మార్చి 18న ముఖ్యమంత్రులకు ఒక లేఖ పంపాడు. ప్రతి హైకోర్టులో మూడో వంతు జడ్జీలు బయటి రాష్ట్రాలవాళ్లు ఉండాలి. కాబట్టి మీ దగ్గరి అదనపు జడ్జీల నుంచి, వేరే హైకోర్టులో పర్మనెంట్ కావడానికి సమ్మతి రాయించుకోండి. ఇష్టమైన మూడు హైకోర్టుల పేర్లు కూడా రాయించుకోండి. ఇదీ సారాంశం. కింద ఇంకో మాట ఉంది: సమ్మతి ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం దేనికీ కట్టుబడినట్టు కాదు!

దాని నకలు ఒకటి నా మీద కూడా పడింది. ఒక సీనియరు కళ్లజోడు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివి, ఎర్ర పెన్సిలుతో ఆ చివరి మాట కింద గీత గీశాడు. “సంతకం మనది, తేదీ వాళ్లదన్నట్టు” అన్నాడు. నాకు తెలిసి ఆ లేఖ మీద ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఎవరూ చేయలేదు. జడ్జి కుర్చీలో కూర్చుని లేచిన మనిషికి, ఆ కుర్చీ కాలు ఎక్కడ వదులుగా ఉందో బాగా తెలిసినట్టుంది.

వకీళ్లు కోర్టుకెక్కారు. ఎస్.పి. గుప్తా కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో ఢిల్లీ అదనపు జడ్జీలకు మూడు నెలల చొప్పున పొడిగింపులిచ్చిన సంగతి కూడా వచ్చింది. జడ్జికి మూడు నెలల ఉద్యోగమా! వాళ్లలో ఎస్.ఎన్. కుమార్‌కు ఆ పైన పొడిగింపు రాలేదు. ఆయన మీద ఢిల్లీ ప్రధాన న్యాయమూర్తికి సందేహాలున్నాయి, భారత ప్రధాన న్యాయమూర్తికి లేవు. కాబట్టి అంతా రాజకీయమేనని కొట్టిపారేయలేం. చిక్కల్లా, ఇద్దరు పెద్దలు చెరో మాట అన్నప్పుడు ఆఖరి మాట మంత్రిదా అన్నది. 1981 డిసెంబరు 30న ఏడుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీతో ప్రభుత్వానిదే అంది.

పన్నెండేళ్లకు అది తిరగబడింది. 1993 అక్టోబరు 6న తొమ్మిదిమంది కూర్చుని, జడ్జీల మాటదే పైచేయి అన్నారు. పేర్లు సిఫారసు చేసే సీనియర్ జడ్జీల బృందం, కొలీజియం, పుట్టింది. అప్పుడు ప్రధానమంత్రి ఎవరనుకున్నారు? ఈ హనుమకొండ రెండుసార్లు గెలిపించి, 1984లో ఓడించిన పి.వి.యే. 2014లో మోదీ ప్రభుత్వం జడ్జీల నియామకాల కమిషన్ తెచ్చింది, 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయిదుగురిలో అసమ్మతి రాసినాయన ఒక్కడే, ఆయనా తెలుగువాడే, జాస్తి చలమేశ్వర్.

మా వకీళ్ల పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కాబట్టి ఆ కబుర్లూ వింటాను. అక్కడ 2016 మార్చిలో ఒబామా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన మెరిక్ గార్లండ్‌కు, ఎన్నికల ఏడాది అనే సాకుతో రిపబ్లికన్ల చేతిలోని సెనేట్ విచారణే పెట్టలేదు. నాలుగేళ్లకు అదే పార్టీ సెనేట్, పోలింగుకు ఎనిమిది రోజుల ముందు అమీ బారెట్‌ను ఖాయం చేసింది. సిగ్గు లేకపోయినా బహిరంగంగా చేశారు. ఎవరు ఎటు ఓటేశారో లెక్క ఉంది. ఇక్కడ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో జడ్జి అయ్యే మనిషికే తెలియదు.

తెలంగాణ వచ్చాక నా ఒంటి మీద ఖాళీ లేదు. రాష్ట్రం విడిపోయినా హైకోర్టు విడిపోలేదు. 2016 జూన్‌లో న్యాయాధికారుల కేటాయింపుల మీద గొడవ ముదిరి, పదకొండు మంది కింది కోర్టుల జడ్జీలు సస్పెండయ్యారు, మిగతావాళ్లు మూకుమ్మడి సెలవు పెట్టారు. నా మీద రోజూ బహిష్కరణ కాగితమే. హైకోర్టు విభజన ఉత్తర్వు 2018 డిసెంబరు 26న వచ్చింది. శాసనసభ పోలింగు డిసెంబరు 7న ముగిసింది, లోక్‌సభ పోలింగు ఏప్రిల్ 11న. సరిగ్గా నడుమ. జనవరి 1న రెండు హైకోర్టులు. అమరావతికి మూటలు సర్దుకోవడానికి అటువాళ్లకు దక్కింది అయిదారు రోజులు. మన మొదటి ప్రధాన న్యాయమూర్తి టి.బి. రాధాకృష్ణన్ ఏప్రిల్ మొదట్లోనే కలకత్తా వెళ్లిపోయాడు.

2020 అక్టోబరులో ఆంధ్ర ముఖ్యమంత్రి జగన్, సుప్రీంకోర్టు జడ్జి ఎన్.వి. రమణ మీద ఫిర్యాదు లేఖ రాసి బయటపెట్టాడు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఏప్రిల్‌లో రమణ భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆ జూన్‌లో తెలంగాణ హైకోర్టు జడ్జీల సంఖ్య 24 నుంచి 42కి పెరిగింది. డిసెంబరు 19న ఆయనే వచ్చి ఈ ఆవరణలో కొత్త కోర్టు భవనాలు ప్రారంభించాడు. ఆ పొద్దున నన్ను తడిగుడ్డతో తుడిచారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఉదయ్ ఉమేశ్ లలిత్, ఎమర్జెన్సీలో కన్ఫర్మ్ కాని ఆ యు.ఆర్. లలిత్ కొడుకు.

ఇప్పుడు కొలీజియం తీర్మానాలు నాకంటే ముందు ఫోన్లలోకి వస్తున్నాయి. కొత్త పేరు మీద ముఖ్యమంత్రి ఆరు వారాల్లో అభిప్రాయం చెప్పాలి, చెప్పకపోతే చెప్పేదేమీ లేదనుకోవాలి అని పద్ధతి రాసి ఉంది. కేంద్రం ఎన్ని వారాలు ఉంచుకుంటుందో మాత్రం లెక్కపెట్టేవాడు లేడు. ఎలక్షన్ల ముందు ఆ లెక్క మరీ సాగుతుంది.

మొన్న ఇద్దరు జూనియర్లు నా ముందు నిలబడి, కొత్త జడ్జీల లిస్టు పోలింగుకు ముందొస్తుందా తర్వాతా అని పందెం కాస్తున్నారు. పరకాల వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. “ఎవరు పర్మనెంటో ఎవరు టెంపరవరీనో నాకెందుకు గని సారూ, మా భూమి అప్పీలు ఎప్పుడొస్తది?”

“ఎలక్షన్ కోడ్ అయిపోనీ పెద్దాయనా” అన్నాడు వకీలు.

కోడ్‌కూ అప్పీలుకూ ఏ సంబంధమూ లేదు. వకీలుకు తెలుసు, నాకు తెలుసు. పెద్దాయన మాత్రం ఫలితాలు ఏ తారీఖని అడిగి, చీటీ మీద రాయించుకుని, జేబులో పెట్టుకున్నాడు.