ఇచ్చట వ్యాసార్ధము రెట్టింపు చేయబడును

మొత్తానికి ఆ కొరతా తీరింది. వ్యాసార్ధం ఇస్తే వ్యాసం, వ్యాసం ఇస్తే వ్యాసార్ధం చెప్పే ఆ యాప్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. రాలేదంటారా, సాయంత్రంలోగా మీ బావమరిది పంపిస్తాడు. నేను ఏడు కొట్టాను. పద్నాలుగు అంది. ఊరికే అనలేదు, పద్నాలుగు పక్కన చుక్క, చుక్క తర్వాత ఎనిమిది సున్నాలు పెట్టి మరీ అంది. దీని వెనక ఏఐ ఉందట. ఉండొద్దా మరి, రెండో ఎక్కమంటే మాటలా!

ఈ పద్నాలుగు చెప్పడానికి దానికి నా లొకేషన్ కావాలి, నా కాంటాక్టులు కావాలి, పైగా నేనొక బనియన్ల ప్రకటన ఆసాంతం చూడాలి. లొకేషన్ దేనికయ్యా? గుంటూరులో ఏడు రెళ్లు పద్నాలుగై, వరంగల్‌లో ఇంకేమైనా అవుతుందా? అడుగున 'తరచుగా అడిగే ప్రశ్నలు' అని కూడా పెట్టారు. వ్యాసం పెద్దదా, వ్యాసార్ధం పెద్దదా అన్నది మొదటి ప్రశ్న. ఇది తరచుగా అడుగుతున్నారంటే ఇక నేనేం మాట్లాడను? నెలనెలా చందా కడితే ప్రకటనలు రావట.

పాతకాలపు లెక్కల పెద్దల తంటాలు వేరు. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లనకు మహావీరాచార్యుడు ఆధారం. ఆ మహావీరుడు చుట్టుకొలత కావాలంటే వ్యాసాన్ని స్థూలంగా మూడుతో గుణించమన్నాడు, సూక్ష్మంగా కావాలంటే పది వర్గమూలంతో గుణించమన్నాడు. అంతకు ముందే ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 చుట్టుకొలత అని చెప్పి, అది కూడా దగ్గరి విలువేనని ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ల బుర్రలు వేడెక్కింది అక్కడ. సగం చేసుకోవడం చదివేవాడికి వచ్చనే అనుకున్నారు పాపం.

యాప్ ఇంతటితో ఊరుకుంటే నవ్వి వదిలేద్దును. గాజుల జోలికొచ్చింది.

'మీ గాజు సైజు ఇవ్వండి, వ్యాసార్ధం తెలుసుకోండి' అని అందులో ఒక గడి ఉంది. చూశారా? గాజు వ్యాసార్ధం ఎవరికి కావాలో నాకు తెలీదు. ఏ పేరంటంలోనూ ఎవరూ అడగగా వినలేదు. అయినా సరే. గాజుల సైజులు 2-2, 2-4, 2-6, 2-8, 2-10 అని ఉంటాయి. ముందున్న రెండు అంగుళాలు, వెనకున్నవి అంగుళంలో పదహారో వంతులు. అంటే 2-4 గాజు లోపలి వ్యాసం రెండుంబావు, 2-8ది రెండున్నర. లాడ్‌బజార్‌లో గాజులమ్మే మనిషి ఇవేవీ వల్లించడు. చెయ్యి అందుకుని, నాలుగు వేళ్లూ దగ్గరికి నొక్కి చూసి, సైజు చెప్పేస్తాడు.

మన యాప్‌కి మధ్యలో గీత నచ్చలేదు. తీసేసి చుక్క పెట్టింది. దాంతో 2-10 గాజు రెండు పాయింట్ ఒకటి సున్నా అయి కూర్చుంది. దాన్ని సగం చేసి వ్యాసార్ధం 1.05 అంగుళాలంది. 2-2 గాజుకేమో 1.1 అంది. ఈ లెక్కన అమ్మ 2-10 గాజు కూతురి 2-2 గాజులోంచి దూరి బయటికొచ్చేస్తుంది! నిజానికి అమ్మ గాజు వ్యాసం రెండూ అయిదెనిమిదో వంతుల అంగుళాలు, కూతురిది రెండూ ఎనిమిదో వంతు. అమ్మదే అరంగుళం పెద్దది.

చుక్క పెట్టడం ఈ యాప్ కనిపెట్టిన పాపం కాదులెండి. ఆన్‌లైన్ దుకాణాలు ఎప్పటినుంచో 2.4, 2.10 అనే రాస్తున్నాయి. చూసే ఆడవాళ్లకి సంగతి తెలుసు గనక నడిచిపోతోంది. ఎనిమిది దశాంశ స్థానాల వరకు కచ్చితం అని బోర్డు కట్టుకున్న ఈ యంత్రానికి తెలీదు. తెలియని సంఖ్యని సగం చేసి, ఆ సగాన్ని ఎనిమిది స్థానాల దాకా చెక్కుతోంది. నాకు మండేది ఇక్కడే.

అవును, మండుతోంది. ఏడుని రెట్టింపు చేయడం రాని పిల్లాణ్ని తయారుచేసింది మనమే. కోచింగ్ పుస్తకం తెరవండి. వ్యాసం ఈజీక్వల్టు రెండు వ్యాసార్ధాలు అన్నది ఒక సూత్రం, వ్యాసార్ధం ఈజీక్వల్టు వ్యాసం బై రెండు అన్నది వేరే సూత్రం, రెండిటికీ చెరో డబ్బా, చెరో నంబరు. పిల్లాడు రెండూ బట్టీ పడతాడు. ఒక గిన్నె మూతో, సైకిల్ చక్రమో చేతికిచ్చి, టేపు పెట్టి కొలిపించిన పాపాన ఎవరూ పోరు. నేలమీద మేకు పాతి, తాడు కట్టి, చుట్టూ తిరిగి గీసిన పిల్లకి ఈ రెండు సూత్రాలూ అక్కర్లేదు. ఆ పిల్ల యాప్ కొనదు, అదీ యాప్ అమ్మేవాళ్ల భయం.

నిజంగా పొరపడే చోట మాత్రం సాయపడే నాథుడు లేడు. పది అంగుళాల పిజ్జా అయిపోయిందండీ, దానికి బదులు ఏడంగుళాలవి రెండిస్తాం, పద్నాలుగు అంగుళాలు మీవే అంటే మనం పొంగిపోతాం. కానీ తినేది వైశాల్యాన్ని, అది వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఏడేళ్లు నలభై తొమ్మిది, రెండు కలిపితే తొంభై ఎనిమిది. పది పదులు వంద. పిజ్జా తగ్గింది. అంగుళం పైపు బదులు అరంగుళంవి రెండు వేస్తే సరిపోదా అని ప్లంబర్‌తో వాదించే గృహస్థులున్నారు. సరిపోదు, నాలుగు కావాలి. రాపిడి లెక్కేస్తే నాలుగూ చాలవు. ఇక విమానాశ్రయానికి పది కిలోమీటర్ల రేడియస్‌లో ప్లాటు అనే ప్రకటనలో ఆ పది కాకికి, మనకి కాదు.

ఆన్‌లైన్‌లో గాజులు కొనే అక్కచెల్లెళ్లకు ఒక మాట. సైజు పక్కన లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో రాయని చోట కొనకండి. 2-4 అంటే సుమారు 57, 2-6 అంటే 60, 2-8 అంటే 63.5, 2-10 అంటే 66.7. ఇంట్లో సరిపోయే పాత గాజు ఒకటి స్కేలు మీద పెట్టి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలుచుకోండి. సగం చేయనక్కర్లేదు.