పానా పట్టిన బావగారు

మా షవరు సన్నగా వస్తోందని నేనెవరికీ చెప్పుకోలేదు. మా ఆవిడే వాళ్ల వదినతో ఫోన్లో ఆవకాయ కబుర్లాడుతూ నోరు జారింది. ముప్పావుగంటలో కూకట్‌పల్లి నుంచి నిజాంపేటకి బావగారు దిగిపోయారు. చేతిలో ఎర్ర ప్లస్సు గుర్తున్న తెల్ల రేకు పెట్టె. పక్క ఫ్లాటావిడ అది చూసి, "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అండీ?" అని కంగారుపడింది. అందులో ఉండేది దూదీ అయొడినూ కాదు. రెండు పానాలు, ఒక హాక్సా, తెల్ల టేపు చుట్టలు, ఏ కాలానివో తెలియని వాచర్లు.

"ప్లంబర్ని పిలిచావుటోయ్?" అన్నారు చెప్పులు విప్పుతూ.

లేదన్నాను.

"మంచి పని చేశావు. వాడొస్తే గోడ తవ్వాలంటాడు."

ఇలాంటి బావగారు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. బావ కాకపోతే బాబాయి. ఎవరింటికి భోజనానికెళ్లినా, చెయ్యి కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూచుంటూ, "మీ సింకు కింద చెమ్ముంది, చూసుకున్నారా?" అంటాడే, ఆ మనిషి.

మా బావగారు ముప్పై నాలుగేళ్లు సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేశారు. కుళాయి కారుతోందంటే మనం వాచరు మారుస్తాం. ఆయన ముందు దాని ఎదుట స్టూలేసుకుని, వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెడతారు. "సెకనుకొకటి. అంటే రోజుకి 86,400. 20 చుక్కలకి ఒక మిల్లీలీటరు వేసుకో. 4.3 లీటర్లు!" అని ప్రకటించి, అక్క వంక చూస్తారు. ఆ 4.3 లీటర్లూ అక్క తాగేసినట్టు.

మా షవరు నాడి చూడడానికి ఆయనకి నిమిషం పట్టలేదు. బోరు నీళ్లలో సున్నం రంధ్రాల్లో పేరుకుపోయిందన్నారు. అక్షరాలా నిజం. గోరువెచ్చని నీళ్లలో వెనిగర్ కలిపి, ప్లాస్టిక్ కవరులో పోసి, షవరు తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టారు. అచ్చం సెలైను సంచీయే. "రాత్రంతా ఉండనీ. పొద్దున్నే విప్పి, పాత టూత్‌బ్రష్షుతో తోమెయ్" అని చెప్పి వెళ్లిపోయారు. పొద్దున్న నిద్రమొహంతో కవరు సంగతి మరిచిపోయి షవరు తిప్పాను. ఆ రోజు ఆఫీసులో పక్క సీటాయన నూడుల్స్ బండి కోసం రెండుసార్లు కిటికీలోంచి తొంగిచూశాడు.

మూసుకుపోయిన రంధ్రాలన్నీ తెరుచుకున్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ధార అయితే బలం పుంజుకోలేదు. బావగారు మళ్లీ వచ్చి, ఈసారి మేడెక్కి టేపు పెట్టి కొలిచారు. "పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే ఒక కేజీ ప్రెషరు. నీ షవరుకీ ట్యాంకుకీ మధ్య మూడు మీటర్లు. పది వంతుల్లో మూడు వంతులు! పై అంతస్తు వాడికి నీళ్లు దగ్గర, ప్రెషరు దూరం" అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "ఆ మూడు మీటర్లకి నువ్వు పళ్లెమంత వానషవరు పెట్టించావు. అది కురవదోయ్, తుంపర" అని, అది కొన్న బిల్లు వంక అదోలా చూశారు. ఆ బిల్లు ఎంతో నాకూ మా ఆవిడకీ తెలుసు. ఆయనకి తెలియడం ఏం బాగుంటుంది?

రోగం కనిపెట్టడంలో ఆయన ధన్వంతరి. వైద్యంలోనే చిక్కంతా. టేపు మర వైపే చుట్టాలని పాఠం చెప్పి మరీ చుట్టిన మనిషి, బిగించేటప్పుడు మాత్రం తనివి తీరక, "ఇంకో పావు తిప్పు" అంటారు. ఎన్ని ప్లాస్టిక్ మరలు ఆ పావు తిప్పులో ప్రాణం వదిలాయో! వాళ్ల వీధి ప్లంబరుకి అందుకే బావగారంటే ప్రాణం. "సారు చెయ్యి పెట్టిన నల్లానా?" అని అడిగి, అవునంటే కూలి రెట్టింపు చెబుతాడు.

ఫ్లష్ ట్యాంకు లోలోపల కారుతోందేమో చూడ్డానికి అందులో రంగు కలిపి, అరగంట నొక్కకుండా వదిలెయ్యాలి. రంగు కిందికి దిగితే కారుతున్నట్టే. చక్కటి పరీక్షే. ఒకసారి బావగారు తమ వంటింట్లోంచి మిఠాయి రంగు తెచ్చి కలిపారు, ఎర్రది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం మేనకోడలి పెళ్లిచూపులు. పెళ్లికొడుకు తండ్రి లోపలికెళ్లొచ్చి, కాఫీ వద్దని, మాటా పలుకూ లేకుండా కూచున్నారు. మర్నాడు పొద్దున్నే పరగడుపున రక్తపరీక్షకి వెళ్లారని తర్వాత తెలిసింది. సంబంధం కుదిరిందనుకోండి.

మొన్న నరక చతుర్దశి నాడు అందరం వాళ్లింట్లోనే ఉన్నాం. తెల్లవారుజామున తలకి నూనె, ఒంటికి సున్నిపిండి పట్టించుకుని నేను కుళాయి తిప్పితే వచ్చినవి వేణ్నీళ్లకి దూరపు చుట్టాలు. గీజరు మండుతూనే ఉంది. బావగారు తలుపవతల నిలబడి విచారణ మొదలెట్టారు. నేను పిండారిపోయి పెచ్చులు రాలుతున్నాను. "పక్క బాత్రూములో ఎవరో చన్నీళ్లూ వేణ్నీళ్లూ రెండు నాబులూ తెరిచే ఉంచి, చేతి షవరు మీట మాత్రం మూసేశారు. బయటికి దారిలేక చన్నీళ్లు వేణ్నీళ్ల పైపులోకి ఎదురెక్కుతున్నాయి. అసలిలాంటి పని ఎవరు చేస్తారు?" అని గర్జించారు.

"ఇంకా తెల్లారలేదు కదండీ. స్నానమైంది మీ ఒక్కరికే" అంది అక్క.

బావగారు వెంటనే ట్యాంకులో నీళ్లెంతున్నాయో చూడ్డానికి మేడెక్కారు. టపాకాయలు కాల్చడం అయిపోయేదాకా దిగలేదు.

ఇదంతా రాసే అర్హత పోయిన నెల దాకా నాకుండేది. విజయవాడలో మా వియ్యంకుల ఇంట్లో చేతులు కడుక్కోబోతే ధార వెంట్రుకలా వచ్చింది. కొన జాలీలో ఇసుక పట్టి ఉంటుందని నాకు తెలుసు. తెలిసిన వాడు ఊరుకోవచ్చు. తలుపు గడియపెట్టి, జేబురుమాలుతో పట్టి తిప్పి ఊడదీశాను. చిటికెడు ఇసుక, తెల్లటి పెచ్చులు. శుభ్రంగా కడిగి మళ్లీ బిగించాను. ధార దివ్యంగా ఉంది. అక్కడితో చెయ్యి తీసేస్తే నేను మామూలు మనిషినే. ఇంకో పావు తిప్పాను.

టక్‌మంది.

చొక్కా తడిసి, ఒక చేత్తో కుళాయి నొక్కిపట్టి, రెండో చేత్తో ఫోను చేశాను. గుసగుసగా అంతా చెప్పాను.

"ముందు బేసిను కింద యాంగిల్ వాల్వు కట్టెయ్" అన్నారు బావగారు. తరవాత ఒక క్షణం ఆగి, "ప్లంబర్ని పిలిచారుటోయ్?"

"లేదు బావగారూ."

"మంచి పని చేశావు."

అవతల రేకు పెట్టె మూత పడిన చప్పుడు, "ఈ వేళప్పుడు ఎక్కడికండీ?" అంటున్న అక్క గొంతు వినిపించాయి.