పగడానికి బారసాల

మాల్దీవుల హనీమూన్‌లో నీళ్ల మీద విల్లా, కొలనులో తేలే టిఫిన్ పళ్లెం పాతబడ్డాయి. ఇప్పుడు కొత్త దంపతులు పగడాన్ని దత్తత చేసుకుంటున్నారు. కడుపు పండకముందే కడలిలో సంతానం! డబ్బు కట్టగానే ఇసుక పూత పూసిన ఇనుప చువ్వల చట్రం వస్తుంది. విరిగిన పగడపు కొమ్మల్ని దానికి ప్లాస్టిక్ జిప్ టైలతో బిగిస్తారు. మన ఇళ్లలో టీవీ వెనక వైర్లు కట్టే టైలే అవి. పెరిగే కొద్దీ పగడం ఆ ప్లాస్టిక్‌ని తనలో కలిపేసుకుంటుంది, అన్నప్రాశన అన్నమాట. ఆలుమగల పేర్లున్న బిళ్ల తగిలించి నీళ్లలోకి దించుతారు, ఆనక అప్పుడప్పుడూ బిడ్డ ఫొటో ఈమెయిల్లో వస్తుంది. పగడంతో మనకు పాత చుట్టరికమే. కుజదోషం పోవాలని ఉంగరంలో పొదిగించి పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు దోషం పగడానికే పట్టింది, పరిహారం మనచేత చేయిస్తున్నారు. దక్షిణ మాత్రం డాలర్లలో.

ఆ దోషం పేరు వేడి. సముద్రం ఎండాకాలపు మామూలు వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ కాగి, వారాల తరబడి చల్లబడకపోతే, పగడం తన ఒంట్లో కాపురముండే నాచును బయటికి నెట్టేస్తుంది. దానికి రంగూ, తిండీ ఆ నాచువే. 1998లో మాల్దీవుల లోతులేని నీళ్లలో పగడాలు చాలావరకు ఇలాగే చచ్చిపోయాయి. 2016లో పరిశీలించినవాటిలో సుమారు 60 శాతం తెల్లబడ్డాయి. ‘ఏమీ చేయకుండా కూర్చునే కన్నా ఈ దత్తత నయం కదా’ అంటారు. కానీ చట్రాలకు ఎక్కువగా కట్టేది త్వరగా ఎదిగే కొమ్మల పగడాలనే. వేడికి అందరికన్నా ముందు తెల్లబడేవీ అవే. ఫొటోలో గబగబా ఎదిగి కనిపించాలి గనుక, ముందు చచ్చేదాన్నే ఏరి మీ పేరు తగిలిస్తున్నారు. సముద్రం కాగిన ఏడాదిలో కూడా ఆ ఫొటో పంపుతారా?

నిజానికి ఇది దత్తత కాదు, పాపానికి రసీదు. సీప్లేన్‌లో వచ్చి, డీజిల్ కరెంటుతో ఏసీ వేసుకుని, మూడు మెట్ల కింద సముద్రం ఉండగా ప్రతి విల్లాకూ విడిగా ఈతకొలను అనుభవించే మనిషికి, ‘మీరు సముద్రాన్ని కాపాడారు’ అని కాగితం చేతికిస్తారు. సిగ్గుండాలి. 2014 డిసెంబరులో రాజధాని మాలేలో ఉప్పునీటి శుద్ధి ప్లాంటులో మంటలు రేగితే మన విమానాలు తాగునీళ్లు మోసిన దేశమిది. బఫేలో చేపా, కొబ్బరీ తప్ప దాదాపు అన్నీ ఓడ దిగినవే, విమానం దిగినవే. అటుపక్క లగూన్ అడుగు నుంచి ఇసుక తోడి కొత్త దీవులు పోస్తుంటారు. ఆ బురద కింద ఊపిరాడక పోయే పగడాలకు పేర్లూ లేవు, బిళ్లలూ లేవు. మాస్క్ పెట్టుకుని ముఖం ముంచిన అతిథిని ఆ పక్కకు మాత్రం ఎవరూ తీసుకెళ్లరు.

‘ఆ దేశం బతికేదే టూరిజం మీద, నోటికాడ కూడు చెడగొడతావా’ అని ఇంకొక వాదన. చెడగొట్టను. దేశంలో నేల చాలావరకు సముద్రానికి మీటరు ఎత్తు కూడా లేనివాళ్లు గది అద్దెకిచ్చి బతికితే తప్పేముంది? గదికి అద్దె తీసుకోండి, చేపకు ధర కట్టండి. పుణ్యాన్ని మాత్రం బిల్లులో కలపొద్దు. కలిపి తీరాలంటే, జిప్ టైలు బిగించాక కత్తిరించి పారేసే తోకలుంటాయి కదా, మాలే పక్కన 1992 నుంచి చెత్త పోసి పెంచిన తిలఫుషి అనే దీవి కూడా ఉంది కదా, అలాంటి చెత్త చేరే ఆ దీవి ఫొటోను కూడా అదే ఈమెయిల్లో పంపండి.