ఆల్టర్నేటర్‌కి సంబంధం

విజయవాడ పటమటలో మా అక్కయ్యగారింటి మెట్ల కింద సుమారు ముప్పాతిక కారు ఉంది. ఆ ఇంట్లో కారు మాత్రం లేదు.

1997లో మా బావగారు మారుతీ 800 కొన్నారు. పాతికేళ్ళు నడిపారు. ఆ పాతికేళ్ళలో ఏ రిపేరుకెళ్ళినా కొత్త సామాను వేయించుకుని, పాతదాన్ని పేపర్లో చుట్టించుకుని ఇంటికి తెచ్చేవారు. మొదట్లో అది ఒట్టి అనుమానం. "పాతది మన చేతికివ్వకపోతే, మార్చాడో మార్చలేదో మనకేం తెలుస్తుందోయ్" అనేవారు. బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా చేసి రిటైరైన మనిషి. నోటు చేతిలో పడకుండా రసీదు మీద సంతకం పెట్టడం ఆయన ఒంట్లో లేదు. పోను పోను అనుమానం అరిగిపోయి అభిమానం మిగిలింది. తెచ్చినదాన్ని కిరోసిన్‌తో కడిగి, పాత లుంగీతో తుడిచి, మెట్ల కింద పెట్టేవారు. అక్కయ్య ఊరగాయ జాడీలు అక్కణ్ణుంచి ఎప్పుడో అటకెక్కాయి.

మెట్ల కింద గదిలోకి ఒకసారి తొంగి చూడాలి మీరు. హార్లిక్స్ సీసాల్లో నట్లు, బోల్టులు, వాషర్లు సైజుల వారీగా ఉంటాయి. ఎవరైనా ఒక వాషరు అడిగితే ఆయన బొటనవేలు నాలుకతో తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి ఇస్తారు. పెద్ద సామాన్లకి శుభలేఖలు చించి, వెనక వైపు వివరాలు రాసి, పురికొసతో కట్టారు. స్టార్టర్ మోటారు మెడలో ఉన్న అట్టముక్క నేను స్వయంగా చదివాను: "మారుతీ 800. బుష్‌లు రెండుసార్లు మార్చాము. చలికాలం తెల్లవారుజామున కొంచెం బద్ధకం. మిగతా వేళల్లో చలాకీ." కార్బురేటర్‌ది ఇంకా క్లుప్తంగా ఉంది: "అప్పుడప్పుడు తాగుడు ఎక్కువ."

ఇదేమిటి బావగారూ, పెళ్ళిచూపులకి బయోడేటాల్లా ఉన్నాయంటే, ఆయన నవ్వలేదు. "మరి ఎవరింటికి వెళ్తుందో వాళ్ళకి చెప్పొద్దూ? దాచి చేస్తే రేపు మాటొస్తుంది" అన్నారు.

అప్పుడర్థమైంది నాకు. మా బావగారు పిసినారి కాదు. పిసినారి అయితే అమ్ముకునేవాడు. పారేయడం చేతకాని మనిషి అన్నా సరిపోదు. ఆయనకి కావలసింది ప్రతి వస్తువుకీ ఈడూజోడూ చూసి, తగిన ఇంటికి పంపడం. ఆ తగిన ఇల్లు దొరికేదాకా పిల్ల మెట్ల కిందే ఉంటుంది.

సంబంధాలు దొరకడం అంత తేలిక కాదు. ఈ మారుతీ వంశంలో రెండు శాఖలున్నాయి. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగించాక వచ్చినవి ఎంపీఎఫ్‌ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ శాఖ. అంతకుముందువి కార్బురేటర్ శాఖ. వీళ్ళ పంపులూ పైపులూ వాళ్ళకి పొసగవు. అయితే ఓమ్నీ వ్యాను మేనరికం. దానిదీ అదే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి ఇటు సామాను చాలావరకు అటు పడుతుంది. అంచేత రోడ్డు మీద ఓమ్నీ కనబడితే చాలు, మా బావగారి కళ్ళు ఆడపిల్ల తండ్రి కళ్ళయిపోతాయి. సిగ్నల్ దగ్గర స్కూటరు పక్కన ఆపి, "బాబూ, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ బాగానే ఉందా?" అని పలకరించగా చూశాను. ఆ కుర్రాడు అద్దం పైకెత్తేసుకున్నాడు.

2014 జనవరిలో మారుతీ 800 తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివిన రోజు ఆయన అన్నం సరిగా తినలేదట. ఆ మే నెలలో అంబాసిడర్ కూడా ఆగిపోయిందని తెలిశాక, అంబాసిడర్ ఉన్న పక్క వీధి పెద్దాయన్ని పరామర్శించడానికి వెళ్ళొచ్చారు. ఆ దెబ్బతో అక్కయ్య దగ్గరున్న ఒక్క ఆయుధమూ పోయింది. అంతకుముందు "ఎందుకండీ ఈ చెత్త, కావాలంటే కొత్తవి దొరకవా" అనేది. ఇప్పుడాయన "ఇక పుట్టవు కదే" అంటారు.

అన్నిటి విషయంలోనూ ఇంత పంతం లేదు, నిజం చెప్పాలి. బ్యాటరీల దగ్గర ఆయన నిశ్చింతగా ఉంటారు. కొత్తది కొన్నప్పుడు కొట్టువాడు పాతది తీసుకుని ధర తగ్గిస్తాడు. అమ్మినవాడే పాతవి వెనక్కి తీసుకోవాలని 2001లోనే నిబంధన వచ్చింది. లోపలి సీసం కరిగి మళ్ళీ బ్యాటరీయే అవుతుంది. "దానికి పుట్టింటివాళ్ళున్నారోయ్" అంటారు. ఇక కాలిన ఇంజనాయిల్. ఊళ్ళో మా పెదనాన్నగారబ్బాయి గొడ్లపాక గుంజలకి చెదలు పట్టకుండా పూస్తానని అడిగితే ఇవ్వలేదు సరికదా, నేలలోకి ఇంకితే నూతి నీళ్ళు ఏమవుతాయో అరగంట చెప్పారు. డబ్బాలు మోసుకెళ్ళి, డ్రమ్ములో పోగుచేసి శుద్ధి చేసేవాళ్ళకి పంపే వర్క్‌షాపులో పోసి వచ్చారు. ఇలాంటప్పుడు ఆయన మీద గౌరవం కలుగుతుంది. మెట్ల కిందకి వెళ్ళగానే మళ్ళీ పోతుంది.

కొన్నిటికి ఇంట్లోనే ఉద్యోగాలిచ్చారు. వెనక చక్రం బ్రేక్ డ్రమ్ము కుంపటైంది. నడుమ కన్నం గాలి కోసమే పెట్టినట్టుంటుంది. వానాకాలం డాబా మీద దాంట్లో మొక్కజొన్న పొత్తులు కాలుస్తారు. అవి బాగుంటాయి, నేను కాదనను. ట్యూబు మేనల్లుడికి ఈత నేర్పడానికి తీశారుగానీ, లారీ ట్యూబా ఏమన్నానా? 12 అంగుళాల చక్రంది. వాడి నడుముకి బిగుసుకుపోయి, సబ్బునీళ్ళు పోసి లాగాల్సొచ్చింది. లారీ కమాన్ కట్టలైతే ఊళ్ళో కమ్మరి కొడవళ్ళు చేసిపెట్టేవాడు. ఈ కారులో కమాన్ కట్టలు లేవని ఆయనకి ఇప్పటికీ లోటే.

వెనక సీటు సంగతి వేరు. 2022లో మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాల్సి వచ్చింది. 600 ఉన్న ఫీజు ఆ ఏప్రిల్ నుంచి 5000 అయింది. బావగారు రెండు రాత్రులు ఆలోచించి, ఫీజు కట్టడం మాని, పిల్లలు పని నేర్చుకుంటారని కారుని ఒక ఐటీఐకి ఉత్తపుణ్యానికి ఇచ్చేశారు. దండ వేసి, కొబ్బరికాయ కొట్టి మరీ సాగనంపారు. అయితే ముందురోజు రాత్రి వెనక సీటు ఊడదీసి దాచారు. "వాళ్ళు నేర్చుకునేది ఇంజను కదోయ్, కూర్చోవడం కాదుగా" అన్నారు. ఆ సీటు ఇప్పుడు వరండాలో ఇటుకల మీద ఉంది. వచ్చినవాళ్ళందర్నీ దాని మీదే కూర్చోబెడతారు. యాభై దాటినవాళ్ళెవరూ దాని మీంచి సొంతంగా లేవలేరు. ఓ చెయ్యి అందించాలి. నేను కూర్చున్న ప్రతిసారీ అద్దం దించే పిడి కోసం కుడిచేయి గోడ మీద తడుముకుంటుంది.

ఇక అసలు కథ ఆల్టర్నేటర్‌ది. దాని అట్టముక్క: "బేరింగ్ మోత ఉంది. పెద్దగా కాదు. చార్జింగ్ బాగానే చేస్తుంది." పోయినేడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరేయ్, నీ మాటయితే వింటారు. అదొక్కటన్నా బయటికి పంపించరా. చీకట్లో కాలికి తగిలి గోరూడింది" అంది. నేను ఎలాగో ఒప్పించి, ఆయన స్కూటరు మీద వెనక కూర్చుని, ఆల్టర్నేటర్‌ని ఒళ్ళో పెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. చంటిపిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళినట్టే ఉంది. గతుకొచ్చినప్పుడల్లా "జాగ్రత్త, జాగ్రత్త" అంటారు ముందునుంచి.

కొట్టతను దాన్ని ఒంటిచేత్తో తీసుకుని, అట్టముక్క చదవకుండానే, "కాటా వేయమంటారా?" అన్నాడు.

బావగారి మొహం చూడాలి అప్పుడు. "తూకానికా? ఇది పనిచేస్తుందయ్యా!"

"పనిచేస్తుంటే మీరెందుకు పీకేశారండీ?"

పాతికేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా అక్కయ్యకి కూడా తట్టలేదు. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

కొట్టతను మంచివాడు. స్టూలు వేయించి టీ తెప్పించాడు. ఎదురుగా ఓ కుర్రాడు ఇంకేదో ఆల్టర్నేటర్ విప్పుతున్నాడు. పొడుగాటి బోల్టులు తీసి, ఉలితో ఒక్క దెబ్బ వేసేసరికి డొప్పలు రెండూ విడిపోయాయి. లోపల్నుంచి కుండ కింద పెట్టే కుదురులాంటి చుట్ట ఊడొచ్చింది. దాని చుట్టూ ఎర్రగా మెరుస్తూ రాగి తీగ. కోసి, పట్టకారుతో పోగులు పోగులుగా లాగాడు. రాగి ఒక గోనెలోకి, అల్యూమినియం డొప్పలు ఇంకో కుప్పలోకి, ఇనుము మరో మూలకి. బేరింగుని వేలికి తొడిగి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, అది బతికే ఉందని డబ్బాలో వేశాడు. అయిదు నిమిషాల్లో నేల మీద ఏమీ మిగల్లేదు, కాస్త గ్రీజు మరక తప్ప.

తిరిగొస్తూ నేను ఊరుకోలేకపోయాను. "చూశారుగా బావగారూ, వాడి దగ్గర ఒక్క తీగ ముక్క వృథా కావడం లేదు. మీ మెట్ల కింద పదేళ్ళుగా ఒక్కటీ వాడకంలో లేదు. ఎవరు దుబారా?" అన్నాను. న్యాయమైన మాటే అని ఇప్పటికీ నా ఉద్దేశం. ఆయన ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. దిగబోతూ చూస్తే ఆల్టర్నేటర్ నా ఒళ్ళోనే ఉంది. పైగా ఆయన జేబులో కొత్తగా ఓ పాత డిస్ట్రిబ్యూటర్ క్యాప్. "నలభైకిచ్చేశాడోయ్. విలువ తెలీక" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర హనుమాన్ జంక్షన్ కథ వచ్చింది. వస్తుందని నాకు తెలుసు. ఎవరైనా ఆయన సామాన్లని ఒక మాట అంటే ఆ కథ వచ్చి తీరుతుంది. అది 2006 వేసవి. ఏలూరులో పెళ్ళి నుంచి వస్తుంటే, రాత్రి పదకొండింటికి జంక్షన్ దాటాక ఓ ఓమ్నీ ఆగిపోయి ఉంది. లోపల బాలింత, నెల పిల్ల, ముసలావిడ. ఫ్యాన్ బెల్టు తెగిపోయింది, ఇంజను మరుగుతోంది. బావగారు డిక్కీ తీసి, మార్చేసినా పారేయని పాత బెల్టు తీసి, టార్చిలైటు నోట్లో పెట్టుకుని బిగించారు. డబ్బులు తీసుకోలేదు. ఆ ముసలావిడ ఆయన తల మీద చెయ్యి పెట్టి "నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అందట. ఈ కథ నేను కనీసం పదకొండు సార్లు విన్నాను. పిల్ల వయసు ఓసారి నెల, ఓసారి పదకొండు రోజులు. బెల్టు మాత్రం మారదు. ఆరోసారి దాకా విసుగొచ్చింది. ఆ తర్వాత ఎందుకో, టార్చిలైటు నోట్లో పెట్టుకునే దగ్గరికొచ్చేసరికి నేనూ పెరుగన్నం కలపడం ఆపేస్తున్నాను.

మర్నాడు శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతుంటే నా బ్యాగు ఎత్తలేకపోయాను. ఆవకాయ జాడీ పక్కన తువ్వాల్లో చుట్టి అది. "మీ హైదరాబాద్ పెద్దూరు. ఓమ్నీలెక్కువ. రాణీగంజ్‌లో విచారించి చూడు. తొందరేం లేదు" అన్నారు బావగారు. స్టేషన్లో స్కానర్ దగ్గర కానిస్టేబుల్ బ్యాగు తెరిపించి, ఏమిటన్నాడు. ఆల్టర్నేటర్ అన్నాను. ఎందుకన్నాడు. ఏం చెప్పను? "మా బావగారిచ్చారండీ" అన్నాను. అతను నావంక ఓ క్షణం చూసి, "మా మావగారూ ఇంతే. వెళ్ళండి" అన్నాడు.

రాణీగంజ్ నేను వెళ్ళలేదు. నిజాంపేటలో మా ఫ్లాట్ బాల్కనీలో తులసికోట పక్కన పెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అనడానికి ఆవిడకి మొహమాటం అనుకున్నారా? కాదు. మా టీవీ కింద సొరుగు ఉంది. అందులో ఎప్పుడో పోయిన ఫోన్ల చార్జర్లు తొమ్మిది, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, కాలిపోయిన మిక్సీ తాలూకు మూత, రిమోట్లు రెండు ఉన్నాయి. అవన్నీ నావే. "మీ బావగారికన్నా ఓ లెక్కుంది" అంది ఒకసారి. అంతటితో వదిలేసింది.

మొన్న ఆదివారం కింద "పాత ఇనప సామాన్లు కొంటాం" అని కేక వినబడింది. వాచ్‌మన్ పైకొచ్చి, బాల్కనీలో ఉన్నది ఇచ్చేయమంటారా సార్ అన్నాడు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అట్టముక్క తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. "కాటాకి కాదయ్యా. ఇది పనిచేస్తుంది" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ, వాడు అప్పటికే వెళ్ళిపోయాడు. తర్వాత లోపలికొచ్చి ఓ శుభలేఖ వెతికి, వెనక వైపు మళ్ళీ రాసి కట్టాను.

నిన్న రాత్రి తొమ్మిదింటికి బావగారి ఫోను. గొంతులో వణుకుంది. కూకట్‌పల్లిలో ఎవరో తెలిసినవాళ్ళ తమ్ముడుగారికి ఓమ్నీ ఉందట. ఆల్టర్నేటర్ పోయిందట. రేపే వచ్చి తీసుకెళ్తాడట. "సంబంధం కుదిరిందోయ్!" అన్నారు.

నేను బాల్కనీ వైపు చూశాను.

"బండి ఏ సంవత్సరంది బావగారూ?" అని అడిగాను. "మనిషి ఎలాంటివాడు? బాగా చూసుకుంటాడా?"